మూడు గదుల్లో తిరిగొచ్చిన బొమ్మ

పోయినవన్నీ ముందే లెక్క చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. మూడు గదుల నేల, గదికి పదిహేను వరుసలు, వరుసకి పదిహేను రాళ్లు, వెరసి ఆరువందల డెబ్బై ఐదు రాతి పలకలు. గదికీ గదికీ మధ్య గడపల కింద వేసిన రెండు పట్టీరాళ్లు. ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా పడుకుంటే వీపుకి తగిలే చల్లదనం. ఇత్తడి చెంబు జారిపడితే వంటగదిలోంచి వీధి దాకా వినబడే మోత. ఇవన్నీ పోయిన నెలలో, మార్టూరులో మా బావమరిది ఇంట్లో, ఒక్క రోజులో గునపాల కింద పోయాయి. ఇప్పుడక్కడ మీగడ రంగు టైల్స్ పరిచారు, వంగి చూస్తే మన మొహం మనకి కనబడుతుంది. బాగానే ఉన్నాయి, నేను కాదనను. పాత రాళ్ల కింద చీమలు చేరి అక్కడక్కడా కుంగిపోయాయి, మా బావమరిదికి మోకాళ్ల నొప్పులొచ్చాయి, ఎత్తుపల్లాల మీద కాలు పడితే ప్రాణం మీదికొస్తోంది. ఫోన్ చేసి, "బావా, నీ బొమ్మ పీకేస్తున్నాం, ఆఖరిచూపు చూసుకుంటావా?" అన్నాడు. చిలకలూరిపేట నుంచి మార్టూరు ఎంత దూరం కనుక, బస్సెక్కి వెళ్లాను. కూలీలు రాతిముక్కల్ని తట్టలకెత్తి ట్రాక్టరులో పోస్తుంటే అరుగు మీద కూర్చుని చూశాను. అది ఉత్త నేల కాదు, ఒక లెక్క. అది నేలకి ఎలా దిగిందో చెప్పగలిగేవాళ్లం ఇప్పుడు ముగ్గురమో నలుగురమో మిగిలాం కాబట్టి రాసి పెడుతున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది గానీ లెక్కలు ఆగలేదు. చిలకలూరిపేటలో ఒక జిన్నింగు మిల్లులో కాటా గుమాస్తాగా చేరాను. పత్తి లారీ కాటా మీదికెక్కితే బరువు చూసి రాయడం, ఖాళీ లారీ తిరిగొస్తే తీసివేయడం నా పని. తీసివేతలు చేసీ చేసీ అంకెలు ఇంట్లో మనుషుల్లా అలవాటైపోయాయి. ఎవరిదో లారీ నంబరు చూస్తే అది దేనితో భాగింపబడుతుందో మనసు తనంతట తనే చూసుకునేది. మా ఆవిడ దీన్ని జబ్బనేది. మన తరంలో ఇలాంటి జబ్బు ఉన్నవాళ్లు ఊరికొకరైనా ఉండేవారు. ఇప్పుడంటే కాలిక్యులేటర్ ప్రతివాడి జేబులో ఉంది కాబట్టి ఆ జబ్బు ఎవరికీ రావడం లేదు.

తొంభైల చివర్లో మా మిల్లుకి మొదటి కంప్యూటర్ వచ్చింది. దాన్ని బిగించడానికి గుంటూరు నుంచి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. పని అయిపోయాక బస్సుకి ఇంకా టైముందని, మిషను బాగానే నడుస్తోందని చూపించడానికి, తెర మీద ఏదో ఆట పెట్టాడు. నల్లని తెర మీద తెల్లని చుక్కల బొమ్మ ఒకటి, నాలుగు వైపులా ఒకేలా ఉన్నది, ముడుచుకుని, విచ్చుకుని, మళ్లీ ముడుచుకుంటోంది. అచ్చం గుండె కొట్టుకున్నట్టు. దాన్ని ఎవరూ కదిలించడం లేదు, అది తన లెక్క ప్రకారం తనే కదులుతోంది, మూడు మార్పులకొకసారి మొదటికి వస్తోంది. అందరూ బొమ్మ చూస్తున్నారు, నేను తెర మూలన మారుతున్న అంకె చూస్తున్నాను. నలభై ఎనిమిది, యాభై ఆరు, డెబ్బై రెండు, మళ్లీ నలభై ఎనిమిది. ఎన్ని చుక్కలు వెలుగుతున్నాయో ఆ లెక్క. ఎందుకో ఒళ్లు జలదరించింది. ఎక్కడికెళ్లినా తిరిగి ఇంటికొచ్చే లెక్క అది.

ఆపమని బతిమాలి, నలభై ఎనిమిది చుక్కల మొదటి బొమ్మని గళ్ల కాయితం మీద ఎక్కించుకున్నాను. మిగతా రెండూ ఎక్కించేలోపల బస్సు వచ్చేసింది. ఆ అబ్బాయి పరిగెడుతూనే నియమం చెప్పాడు. గళ్ల కాయితంలో ప్రతి గడికీ చుట్టూ ఎనిమిది గళ్లుంటాయి కదా, అవి దాని ఇరుగుపొరుగు. నిండిన గడికి ఇరుగుపొరుగున రెండో మూడో నిండిన గళ్లుంటే అది నిలుస్తుంది. తక్కువైతే ఒంటరితనంతో పోతుంది, ఎక్కువైతే ఇరుకై పోతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడుంటే అక్కడ కొత్తది పుడుతుంది. "అంతేనండీ, ఇంకేం లేదు" అని ఫుట్‌బోర్డు మీదికి గెంతాడు. ఇంకొకటుంది. కంప్యూటరు అడక్కుండానే చేసుకునే పని కాబట్టి ఆ అబ్బాయికి చెప్పాలని తట్టలేదు.

తర్వాత కొన్నాళ్లు మధ్యాహ్నం అన్నం తిన్నాక కాటా గదిలో గళ్లు గీసుకుని పత్తిగింజలు పేర్చి ఆడేవాణ్ణి. పై వరుస ఎడమ చివర నుంచి మొదలుపెట్టి, గడి గడికీ ఇరుగుపొరుగు లెక్కపెట్టి, పోవలసిన గింజని అప్పటికప్పుడు తీసేసి, పుట్టవలసిన చోట అప్పటికప్పుడు పెట్టేసి, పక్కగడికి వెళ్లేవాణ్ణి. నాకు తెలిసిన పద్ధతి అదే. చిన్నప్పుడు మా అమ్మ మిరపకల్లంలో కాయలు ఏరడానికి వెళితే నేనూ పక్కన కూర్చునేవాణ్ణి. అక్కడ మొదటి పాఠం ఏమిటంటే, తెల్లబోయిన తాలుకాయ కంటబడితే కంటబడ్డ క్షణమే తీసి అవతల పారెయ్యాలి. తర్వాత తీద్దామని వదిలేస్తే అది ఎర్రకాయల్లో కలిసిపోయి కమిషన్ కొట్లో బయటపడి పరువు తీస్తుంది. ఆ పాఠం నా వేళ్లలో ఉండిపోయింది. వరసగా మూడు గింజలు పెట్టి నా పద్ధతిలో నడిపితే మొదట వంకరగా నాలుగయ్యేవి, ఆ తర్వాత నలుచదరంగా సర్దుకుని ఇక కదిలేవి కావు. సరే, వీటి స్వభావం ఇంతే కాబోలు అనుకున్నాను. లెక్క తప్పు చేశానన్న అనుమానం మాత్రం రాలేదు, ఎందుకంటే లెక్కలో నేను తప్పు చెయ్యను.

అదే రోజుల్లో మా బావమరిది మార్టూరులో ఇల్లు కట్టుకుంటున్నాడు. మా ఆవిడకి తమ్ముడు, రాతి పాలిషింగ్ యూనిట్లో రంపం మీద పనిచేసేవాడు. మూడు గదులు, ఒకదాని వెనక ఒకటి: ముందుగది, మధ్యగది, వంటగది. వెనక తలుపులోంచి బయటికొచ్చి ఇంటి పక్క సందులోంచి నడిస్తే మళ్లీ వీధి గుమ్మం. యూనిట్ యజమాని మంచివాడు, రంపం కింద మిగిలిన ముక్కలు ఏరుకోమన్నాడు. తెల్లబూడిద రంగు రాయి కావలసినంత దొరికేది. నల్లరాయి ఎప్పుడో గానీ వచ్చేది కాదు, అప్పుడే ఒక లోడు వచ్చింది. మూడు గదులు అనగానే నా బుర్రలో గంట కొట్టింది. ముందుగదిలో మొదటి బొమ్మ, మధ్యగదిలో రెండోది, వంటగదిలో మూడోది. వెనక తలుపులోంచి చుట్టి వస్తే మళ్లీ మొదటి బొమ్మ. ప్రపంచంలో ఎవరింట్లోనూ ఉండదురా అన్నాను. మా బావమరిది కాసేపు ఆలోచించి, "అర్థం కాలేదు గానీ బావా, నువ్వు చెబితే చేస్తా. ఒక్కటే మాట. సిమెంటులో పడ్డాక అది నా నేల. తప్పయితే నేను చచ్చేదాకా తొక్కాలి" అన్నాడు. తప్పు కాదని మా ఆవిడ ముందు, వాళ్లావిడ ముందు మాటిచ్చాను. నా లెక్కకి అత్తారింట్లో పరువు ఎంతుందో అంతా ఆ మాట మీద పెట్టాను.

నల్లరాళ్లు నూట డెబ్బై ఆరు కావాలని చెప్పాను. తెర మూలన చూసిన మూడు అంకెలూ కూడితే అంతే. నేల వేసే మేస్త్రి కనిగిరి నుంచి వచ్చి స్థిరపడ్డ సాయిబుగారు, పెద్దమనిషి. "గుమాస్తాగారూ, కాయితం లెక్క వేరు, రాయి లెక్క వేరండి. ఓ పది ఎక్కువ కోయించుకోండి" అన్నాడు. అక్కర్లేదన్నాను. లెక్క తెలిసినవాడికి తరుగు ఉండదని కూడా అన్నాను. మా బావమరిది సరిగ్గా నూట డెబ్బై ఆరే తొమ్మిది అంగుళాల చదరాలుగా కోసి గోడవారగా పేర్చాడు. మిగిలిన నల్లరాయి ఇంకెవరో పట్టుకుపోయారు.

ముందుగది చక్కగా వచ్చింది. నా దగ్గరున్న కాయితం చూసి పరవడమే కదా. తంటా మధ్యగదితో వచ్చింది. రెండో బొమ్మ నేను లెక్కగట్టాలి. గట్టాను, మూడుసార్లు గట్టాను, యాభై ఆరు రాలేదు, బాగా తక్కువొచ్చింది. కింది వరుసల్లో ఎక్కడో చెయ్యి జారుతోందనుకున్నాను. పై వరుసలు మాత్రం మూడుసార్లూ ఒకేలా వచ్చాయి కాబట్టి అవి ఖాయం. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు, మేస్త్రి కూలీ రోజుకింత అని నడుస్తోంది. పై మూడు వరుసలు మీరు పరిచెయ్యండి, ఈలోపల మిగతావి నేను సరిచూస్తాను అని చెప్పి, ఒక ఆదివారం ఉదయం దగ్గరుండి వేయించాను. మొదటి వరుసలో నాలుగు నల్లవి, రెండో వరుసలో నాలుగు, మూడో వరుసలో అసలు లేవు.

మధ్యాహ్నం మా బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రాయి కోసేవాడు రాయిని చూసే చూపు వేరుగా ఉంటుంది. తల ఇటు వంచి చూశాడు, అటు వంచి చూశాడు.

"బావా, ఇది కుడిపక్కకి వాలింది."

"వాలడం ఏమిట్రా, లెక్క ప్రకారమే ఉంది."

"లెక్క ప్రకారమే వాలింది మరి. ముందుగదిలో అద్దంలో చూసినట్టు రెండు పక్కలా ఒకటే ఉంది. ఇక్కడ రెండు జంటలూ కుడికే జరిగాయి. తాగినోళ్లలాగ."

మేస్త్రి నవ్వు ఆపుకోలేకపోయాడు. నాకు కోపం వచ్చింది. కన్ను మోసపోతుంది గానీ లెక్క మోసపోదన్నాను. అయితే ఎలా లెక్కేశావో చూపించు అన్నాడు. అక్కడే గచ్చు మీద సుద్దముక్కతో గళ్లు గీసి, రాతి పెచ్చులు పేర్చి, నా పద్ధతిలో గడి గడికీ చెప్పుకుంటూ పెచ్చు తీస్తూ పెడుతూ వెళ్లాను. మొదటి వరుస సగం దాటాక మా బావమరిది నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగాగు. చూస్తూ చూస్తూనే కోసేస్తున్నావేంటి బావా? మా దగ్గర ఇలా చేస్తే మేనేజరు తంతాడు. పలక మీద ముందు గీతలన్నీ గియ్యాలి. ఆఖరి గీత దాకా. ఆ తర్వాతే రంపం. ఒక కోత కోసేసి, ఆ కోసిన అంచు నుంచి ఇంకోటి కొలిచావనుకో, పలకంతా వంకరే."

అతను రాయి గురించే చెప్పాడు, ఆట గురించి అతనికేమీ తెలియదు. నాకు మాత్రం నా తప్పు కనబడింది. నేను ఒక గడిలో కొత్తరాయి పుట్టించి, వెంటనే పక్కగడి లెక్కలో ఆ కొత్తరాయిని కూడా కలిపేస్తున్నాను. అది ఇంకా పుట్టలేదు. ఎవరు ఉండాలో ఎవరు పోవాలో అందరి సంగతీ పాత బొమ్మని చూసే తేల్చాలి, గుర్తులు పెట్టుకోవాలి, అంతా తేలాక ఒక్కసారిగా మార్చాలి. ఆ ఇంజనీరు అబ్బాయి చెప్పకుండా బస్సెక్కిన మాట ఇదే. పెచ్చులన్నీ చెరిపేసి మూడే మూడు అడ్డంగా పెట్టాను. పోయేవాటికి సుద్దతో ఇంటూ, పుట్టేచోట సున్నా గీశాను, తర్వాత మార్చాను. అడ్డంగా ఉన్న మూడూ నిలువుగా నిలబడ్డాయి. మళ్లీ చేశాను. నిలువుగా ఉన్నవి అడ్డంగా పడుకున్నాయి. మళ్లీ లేచాయి. ఇన్నాళ్లూ నా గింజలు నలుచదరంగా మొండికేసి కూర్చున్నది వాటి స్వభావం వల్ల కాదు. తాలుకాయ ఏరే చెయ్యి వల్ల.

సంతోషించడానికి తీరిక లేదు. పరిచిన మూడు వరుసల కింద సిమెంటు మాలు గట్టిపడుతోంది. సాయంత్రం దాటితే ఆ వంకర శాశ్వతం. నేను కూర్చుని కొత్త పద్ధతిలో బొమ్మంతా కట్టాను, చివరి గడి దాకా గుర్తులు పెట్టి అప్పుడు కూడాను. యాభై ఆరు వచ్చింది. సరిగ్గా యాభై ఆరు. పై మూడు వరుసల్లో సరైన లెక్క రెండు, రెండు, నాలుగు. అంటే అవే ఎనిమిది నల్లరాళ్లు, చోట్లు మాత్రం వేరు. తప్పు లెక్కా ఒప్పు లెక్కా ఎనిమిది దగ్గర కలవడం చూసి నాకు నవ్వొచ్చింది, మేస్త్రికి రాలేదు. ఆ ఎనిమిదీ పగలకుండా పైకి రావాలి, గోడవారన ఉన్నవి తప్ప వేరే నల్లరాయి ఎక్కడా లేదు.

నేను తాపీ అందుకోబోతే మా బావమరిది లాక్కున్నాడు. "నువ్వు ముట్టుకోకు బావా, నీది కాయితం చెయ్యి" అన్నాడు. ఒక్కొక్క రాయి కింద సన్నని ఇనుపబద్ద దూర్చి, నీళ్లు చిలకరిస్తూ, పసిబిడ్డని పొత్తిళ్లలోంచి తీసినట్టు తీశాడు. ఏడు వచ్చాయి. ఎనిమిదోది పైకి లేచినట్టే లేచి, టక్కుమని రెండయింది.  వంటగది గుమ్మంలోంచి వాళ్లావిడ, నన్ను అన్నయ్యగారూ అని పిలిచే మనిషి, "కాయితం చెయ్యి పట్టుకున్నా ఇంతకన్నా బాగా పగిలేది కాదులెండి" అంది. మేస్త్రి అప్పటిదాకా ఆపుకున్న నవ్వంతా నవ్వేశాడు, మేమూ నవ్వాం.

మధ్యగది పూర్తిగా వచ్చింది. లోటు వంటగదికి చేరింది. డెబ్బై రెండు ఉండవలసిన చోట డెబ్బై ఒకటే ఉన్నాయి. గోడ నుంచి రెండో వరుసలో ఎడమ నుంచి నాలుగో గడిలో తెల్లరాయి పెట్టక తప్పలేదు. చూసేవాళ్లకి అదేం కనబడదని అందరూ అన్నారు. నాకు కనబడుతుంది కదా. ఆ ఒక్క గడి తెల్లగా ఉంటే, లెక్క ప్రకారం ముందుగదిలో అదే చోట నల్లరాయి పుట్టకూడదు. కానీ అక్కడ నల్లరాయి ఉంది. అంటే బొమ్మ ఇంటిని చుట్టి తిరిగి రాదు. నేనిచ్చిన మాటకి ఒక్క రాయి తక్కువైంది. నల్లరాయి ఈసారి లోడు రాగానే ఒకటి తెచ్చి పెడతాను, ఇది నా బాకీ అని మా బావమరిదికి అందరిముందూ చెప్పాను.

గృహప్రవేశం నాడు పాలు పొంగించాక చూస్తే, ఆ తెల్లగడి మీద చెల్లెమ్మ తన పుట్టింటి నల్లరాతి రోలు తెచ్చి పెట్టింది. "ఇప్పుడు సరిపోయిందా అన్నయ్యగారూ?" అంది. రోలు గుండ్రంగా ఉంది, గడి కన్నా పెద్దగా ఉంది, లెక్కకి పనికిరాదని చెప్పబోయాను గానీ మా ఆవిడ చూపు చూసి ఊరుకున్నాను. ఆ రోజు వచ్చిన చుట్టాల్ని గుంపులు గుంపులుగా ముందుగదిలోంచి నడిపించి, మధ్యగది దాటించి, రోలు పక్కనుంచి వెనక తలుపులోకి పంపి, సందులోంచి చుట్టి మళ్లీ వీధి గుమ్మంలో నిలబెట్టాను. "చూడండి, మొదటి బొమ్మే" అన్నాను. "మొదటి గదికే వచ్చాం కదయ్యా మరి" అన్నాడొక పెద్దాయన. ఆయన మాటలో తప్పులేదు.

ఆ తర్వాత ఏళ్లు గడిచాయి. నల్లరాయి లోడ్లు వచ్చాయి, పోయాయి, ప్రతిసారీ ఏదో అడ్డం పడింది. పైగా రోలు ఉంది కదా అన్న ధీమా. కొన్నాళ్లకి గ్రైండరొచ్చి రోలు పెరట్లోకి వెళ్లింది, తెల్లగడి మళ్లీ బయటపడింది. అప్పుడూ తేలేదు. మా మిల్లులో కాటా అంతా కంప్యూటరే చూసుకోవడం మొదలయ్యాక నేను వేరే కొట్లో లెక్కలకి కుదిరాను. నిరుడు పక్కింటి అమ్మాయి ఫోనులో అదే బొమ్మ చూపించింది. వేలితో తాకితే కొట్టుకుంటోంది, రెప్పవేసేలోపల పదిసార్లు ఇంటికొస్తోంది. ఎంతో బావుంది. ఎవరూ తప్పు చెయ్యడానికి అందులో చోటు లేదు, వంగి గుర్తు పెట్టవలసిన పని లేదు, అలా వెళ్లి ఇలా తిరిగి రావడానికి గడప దాటవలసిన పనీ లేదు. మన కాలంలో ఒక లెక్క తిరిగి వస్తుందో రాదో తెలుసుకోవాలంటే నలుగురు మనుషులు, ఒక మేస్త్రి, కూడబెట్టిన రాళ్లు, గట్టిపడుతున్న సిమెంటు ఉండేవి. తప్పు దొరికితే దాని చుట్టూ అంతమందీ నిలబడి నవ్వేవాళ్లు. అంతమంది కలిసి నవ్విన లెక్క మళ్లీ నా చేతిలో పడలేదు.

పోయిన నెల ట్రాక్టరు వెళ్లిపోయాక మా బావమరిది నా పక్కన అరుగు మీద కూర్చుని టీ గ్లాసు అందించాడు. నేల పోయింది కదరా, ఇక నా బాకీ కూడా కొట్టేసెయ్ అన్నాను.

"నేల పోతే నీ బాకీ ఎలా పోతుంది బావా?" అన్నాడు. "నేను నేలకా అప్పిచ్చింది?"

అతని మాట న్యాయమే. కాబట్టి ఈ రోజుకి నేను ఇవ్వవలసింది: తొమ్మిది అంగుళాల చదరం నల్లరాయి, ఒకటి.